తమ్ముడి డిస్కస్ దూరం పడిపోతోంది: బద్ధకమా, ఒంట్లో బాగాలేకనా?

నోటుబుక్కు అక్క (అనంతపురం) | సెప్టెంబరు 14, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను క్రీడాకారిణిని కాను. అనంతపురంలో చిన్న ఉద్యోగం చేస్తున్నాను. తమ్ముడు నా దగ్గరే ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. వయసు 17. మూడేళ్లుగా డిస్కస్ విసురుతున్నాడు. అమ్మానాన్నలు కళ్యాణదుర్గం దగ్గర మా ఊళ్లోనే ఉంటారు, వేరుశనగ సాగు.

వాడు విసిరిన ప్రతి దూరాన్నీ నోటుబుక్కులో రాయడం నా పని. వాడి చేతిరాత వాడికే అర్థం కాదు కాబట్టి ఆ పని నా మీద పడింది. జూన్‌లో 1.5 కిలోల డిస్కస్‌ను 47.60 మీటర్లు విసిరాడు. జూలైలో 47.10. ఆగస్టు చివర్లో 45.30. నిన్న ఆదివారం ఎనిమిది సార్లు విసిరితే అన్నిటికన్నా దూరం వెళ్లింది 43.85. ఇంతకన్నా తక్కువ నేను చివరిసారి రాసింది పోయిన ఏడాది దసరా సెలవుల్లో.

మనిషి కూడా మారాడు. రెండు సంగటి ముద్దలు తిని మూడోది అడిగేవాడు, ఇప్పుడు ఒకటి కూడా సగంలో వదిలేస్తున్నాడు. తెల్లవారుజామున మూడింటికి లేచి గోడకు ఆనుకుని కూర్చుంటున్నాడు. చేతిలో ఫోను కూడా ఉండదు. ఇదివరకు ఇల్లు ఊడుస్తూ డిస్కస్‌ను పొరపాటున కాలితో తాకినా నామీద అరిచేవాడు. ఇప్పుడు అది నిన్నటి నుంచి చెప్పుల పక్కన మట్టితోనే పడి ఉంది.

కోచ్ బద్ధకం అంటున్నారు. నాన్న ఫోనులో "ఇంకో గంట ఎక్కువ చేయమను" అంటున్నారు. అక్టోబరు చివర్లో రాష్ట్ర స్థాయి పోటీలు. ఎవరి మాట వినాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను.

పాత పీఈటీ (కడప) | సెప్టెంబరు 14, రాత్రి 10:25

అమ్మా, నేను ముప్పై ఏళ్లు బడి పిల్లలకు షాట్‌పుట్, డిస్కస్ నేర్పాను. బద్ధకం అనే మాట నేనూ చాలామంది మీద వాడాను. వాళ్లలో సగం మందికైనా ఇప్పుడు క్షమాపణ చెప్పుకోవాలి. బద్ధకస్తుడు తెల్లవారుజామున మూడింటికి నిద్ర లేవడు.

కొన్ని సంగతులు చెప్పండి. వారానికి ఎన్ని త్రోలు విసురుతున్నాడు? సాధనలో ఏ బరువు డిస్కస్ వాడుతున్నాడు? బరువులు ఎత్తే రోజులు ఎన్ని? తిరగకుండా నిలబడి విసిరిన దూరాలు మీ పుస్తకంలో ఉన్నాయా? ముఖ్యంగా, ఈ రెండు మూడు నెలల్లో జ్వరం ఏదైనా వచ్చిందా?

ఇనుప కడ్డీ (కర్నూలు) | సెప్టెంబరు 14, రాత్రి 11:02

నేను పవర్‌లిఫ్టింగ్ చేస్తాను. సూటిగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. ఈ ఓవర్‌ట్రైనింగ్ (అతి సాధన) అనేది మొబైల్‌లో వీడియోలు చూసేవాళ్లకు వచ్చే జబ్బు. మనవాళ్లలో వందకు తొంభై మంది చేయాల్సినంత కూడా చేయరు. తిండి సరిగా లేకపోవడం ఉంటుంది, నిద్ర లేకపోవడం ఉంటుంది, ప్రేమ వ్యవహారం ఉంటుంది. పదిహేడేళ్ల కుర్రాడికి అతి సాధన ఏమిటి? సిడ్నీలో 2000లో కరణం మల్లీశ్వరి గారు 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది ఇంట్లో పడుకునా?

హ్యామర్ అమ్మాయి (కర్నూలు) | సెప్టెంబరు 15, ఉదయం 6:15

@ఇనుప కడ్డీ, అన్నా, మల్లీశ్వరి గారు రోజూ 240 కిలోలు ఎత్తి ఉంటే సిడ్నీ దాకా వెళ్లేవారు కాదు. బరువులెత్తేవాళ్ల వారంలో తేలిక రోజులు ఉంటాయని మీకు తెలియదని నేను అనుకోను.

నా కథ చెబుతాను, అక్క గారికి పనికొస్తుంది. నేను నాలుగు కిలోల హ్యామర్ విసిరేదాన్ని. ఒక ఏడాది వేసవిలో ఉదయం త్రోలు, సాయంత్రం బరువులు, మధ్యలో బరువు తగ్గాలని ఒక్క పూట భోజనం. నాలుగు నెలలు నెలసరి రాలేదు. ఎవరికీ చెప్పలేదు, పైగా పీడ విరగడైందని సంతోషించాను కూడా. ఐదో నెలలో ముంగాలి ఎముకలో సన్నటి పగులు. ఆ పగులు వచ్చేదాకా నేను కష్టపడుతున్నానని అందరూ మెచ్చుకున్నవాళ్లే. ఎముకల డాక్టరు గారు మొదట అడిగిన ప్రశ్న కాలి గురించి కాదు, నెలసరి గురించి. ఒళ్లు ఖర్చు చేసే శక్తికి సరిపడా తిండి అందకపోతే ముందు అలాంటి పనులనే ఆపేస్తుందని అప్పుడు తెలిసింది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి ఒక పేరు పెట్టి, అది అబ్బాయిలకూ వస్తుందని చెప్పింది.

ఇక్కడ చదివే అమ్మాయిలెవరికైనా మూడు నెలలు నెలసరి ఆగితే అది సాధన బాగా సాగుతోందనడానికి గుర్తు కాదు. డాక్టరు దగ్గరకు వెళ్లండి.

నోటుబుక్కు అక్క | సెప్టెంబరు 15, మధ్యాహ్నం 1:50

భోజన విరామంలో రాస్తున్నాను. పుస్తకం ఇంట్లో ఉంది, వాడినే ఫోను చేసి అడిగాను. పీఈటీ గారూ, మీరు అడిగినవి ఇవి.

త్రోలు వారానికి దాదాపు 300. జూన్‌లో 150 ఉండేవి. జూలై నుంచి 2 కిలోల డిస్కస్‌తో విసురుతున్నాడు. బరువైనది అలవాటైతే తేలికది గాలిలా పోతుందని గ్రౌండులో ఒక పెద్దవాడు చెప్పాడట. బరువులు వారానికి ఐదు రోజులు. ఉదయం ఐదు నుంచి ఏడున్నర దాకా గ్రౌండు, తర్వాత కాలేజీ, సాయంత్రం మళ్లీ గ్రౌండు. రాత్రి పదకొండుకు పడుకుంటాడు.

జ్వరం వచ్చింది. ఆగస్టు మొదటి వారంలో ఐదు రోజులు, 102 దాకా. డాక్టరు వైరల్ జ్వరం అన్నారు. తగ్గిన నాలుగో రోజే గ్రౌండుకు వెళ్లాడు. పోయిన రోజులను పూడ్చాలని రెండు వారాలు రెట్టింపు చేశాడట. ఆ రెట్టింపు సంగతి నాకు ఈ రోజే తెలిసింది.

నిలబడి విసిరినవి ఉన్నాయి. జూన్‌లో 40.20. ఇప్పుడు 39.50.

ఫిజియో కర్నూలు | సెప్టెంబరు 15, రాత్రి 8:30

నేను ఆటగాళ్లతో పనిచేసే ఫిజియోథెరపిస్టును. మిగతావన్నీ తర్వాత. జ్వరం తగ్గిన నాలుగు రోజులకే రెట్టింపు సాధన చేసిన పిల్లవాడికి ముందు గుండె చూపించాలి. వైరల్ జ్వరాల్లో అరుదుగా గుండె కండరం కూడా వాస్తుంది. ఛాతీలో నొప్పి, దడ, కళ్లు తిరగడం, మెట్లెక్కితే ఆయాసం, వీటిలో ఒక్కటున్నా రేపు గ్రౌండు వద్దు, ఆసుపత్రికి. ఏమీ లేకపోయినా డాక్టరుకు జ్వరం సంగతి, సాధన సంగతి రెండూ చెప్పి ఈసీజీ తీయించండి. రక్తపరీక్షల్లో హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ కూడా అడగండి. ఒంట్లో ఇనుము నిల్వలు తగ్గినా హిమోగ్లోబిన్ కొంతకాలం బాగానే కనిపిస్తుంది. థైరాయిడ్, విటమిన్ డి, చక్కెర కూడా చూడమనండి.

ఇంకో సంగతి. క్రియాటిన్ కైనేజ్ అనే కండరాల పరీక్ష రాస్తే అంకె ఎక్కువగా వచ్చిందని భయపడకండి. బరువులెత్తేవాళ్లలో అది మామూలుగానే ఎక్కువ ఉంటుంది. పరీక్షకు ముందు రెండు మూడు రోజులు వాడు బరువులు ఎత్తకూడదు.

అతి సాధనకు ఇదీ అని చూపించే రక్తపరీక్ష లేదు. యూరోపియన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్ సైన్స్, అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ కలిసి 2013లో ఇచ్చిన పత్రం కూడా ఇదే చెబుతుంది. మిగతా జబ్బులన్నీ కావని తేలాకే ఆ పేరు పెట్టాలి. ఆ పత్రం ప్రకారం కొన్నాళ్లు కావాలని ఎక్కువ చేసి, విశ్రాంతి తీసుకుంటే ముందుకన్నా బాగా చేయడం మామూలు శిక్షణలో భాగమే, అది మొదటి మెట్టు. విశ్రాంతి తర్వాత కూడా కోలుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడితే అది రెండో మెట్టు. నెలల తరబడి లేవలేకపోతే, నిద్ర, మనసు, ఆకలి అన్నీ దెబ్బతింటే అది మూడోది. రెండో మెట్టుకూ మూడో మెట్టుకూ తేడా చాలాసార్లు వెనక్కి తిరిగి చూసుకుంటేనే తెలుస్తుంది. ఇనుప కడ్డీ గారు అన్నదాంట్లో నిజం లేకపోలేదు. మూడో మెట్టు అరుదు. రెండోది మాత్రం మన గ్రౌండుల్లో కావలసినంత.

పాత పీఈటీ | సెప్టెంబరు 15, రాత్రి 9:10

అమ్మా, మీ అంకెల్లో నాకు కావలసింది దొరికింది. జూన్‌లో నిలబడి 40.20, తిరిగి 47.60. తిరగడం వల్ల వచ్చింది ఏడు మీటర్ల పైన. ఇప్పుడు నిలబడి 39.50, తిరిగి 43.85. నాలుగు మీటర్లకు కాస్త పైన. చేతిలో బలం పెద్దగా ఎక్కడికీ పోలేదు, 70 సెంటీమీటర్లే తగ్గింది. పోయింది తిరుగుడులో లయ. డిస్కస్‌లో ఒకటిన్నర చుట్టు తిరిగేటప్పుడు కాలు ముందు, నడుము తర్వాత, భుజం, చివరికి చెయ్యి రావాలి. నరాలు అలిసిపోతే ఈ వరుస మొదట చెడుతుంది. కుర్రాడు దాన్ని బలంతో సరిచేయబోయి భుజాన్ని ముందుకు తోస్తాడు, డిస్కస్ గాలిలో ఊగుతుంది. ఊగుతోందా?

2 కిలోల డిస్కస్ పెద్ద మగవాళ్లది. అండర్ 18కి 1.5, అండర్ 20కి 1.75. బరువైనదాన్ని అప్పుడప్పుడు వాడటం తప్పు కాదు, మేమూ వాడించాం. వారానికి 300 త్రోలలో ఎక్కువ భాగం దానితోనే విసిరితే ఒళ్లు నెమ్మదిగా తిరగడం నేర్చుకుంటుంది. గాలిలా పోవాల్సిన తేలికది కూడా నెమ్మదిగానే పోతుంది.

నోటుబుక్కు అక్క | సెప్టెంబరు 15, రాత్రి 9:32

ఊగుతోంది సార్. "చిల్లుపడిన పళ్లెంలా పోతోంది" అని వాడే అన్నాడు.

బండలాగుడు (ఎమ్మిగనూరు) | సెప్టెంబరు 16, ఉదయం 5:20

నేను ఆటలవాణ్ని కాదు. మా ఇంట్లో మూడు తరాలుగా పోటీ గిత్తలను పెంచుతున్నాం. మా అబ్బాయి ఇది చూపిస్తే చదివి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

బండలాగుడు పోటీలో పళ్లను బట్టి విభాగాలుంటాయి. పాలపళ్ల కోడెలకు ఒక బండ, రెండు పళ్లవాటికి ఒకటి, నాలుగు పళ్లకు, ఆరు పళ్లకు వేరు, పెద్ద గిత్తలకు వేరు. పాలపళ్ల జతకు పెద్ద బండ కడితే చూసేవాళ్లే ఊరుకోరు, కాడి విప్పించి పంపుతారు. పదిహేడేళ్ల పిల్లవాడికి మగవాళ్ల డిస్కస్ ఇచ్చినప్పుడు ఆ గ్రౌండులో ఆపేవాడు ఒక్కడూ లేడా?

ఇంకొకటి. పోటీకి వారం ముందు మేము బండ కట్టం. పొద్దున, సాయంత్రం నడిపిస్తాం, ఉలవలు ఉడకబెట్టి పెడతాం, అంతే. రోజూ లేవగానే మూడు చూస్తాను: మూతి తడిగా ఉందా, పేడ ఎలా ఉంది, నెమరు వేస్తోందా. నెమరు ఆపిన గిత్తను ఎంత డబ్బిస్తామన్నా కాడి కిందకు తీసుకెళ్లను. మీ తమ్ముడు సంగటి ముద్ద సగంలో వదిలేస్తున్నాడని రాశారు కదమ్మా. నెమరు ఆగింది.

హ్యామర్ అమ్మాయి | సెప్టెంబరు 16, ఉదయం 7:05

పెదనాన్నా, మీరు కోచ్ అయి ఉంటే నా కాలు విరిగేది కాదు.

ఇనుప కడ్డీ | సెప్టెంబరు 16, ఉదయం 10:40

సరే, జ్వరం సంగతి ముందే చెప్పి ఉంటే నేను అలా రాసేవాణ్ని కాదు. ప్రేమ వ్యవహారం మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ తిండి, నిద్ర గురించి నేను అన్నది ఇప్పటికీ నిలబడుతుంది. పదకొండుకు పడుకుని నాలుగున్నరకు లేస్తే ఐదున్నర గంటలు. ఆ వయసులో ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. తిండి సంగతి కూడా చెప్పండి. కిలో ఒంటి బరువుకు రోజుకు 1.6 గ్రాములకు తగ్గకుండా ప్రోటీన్ అందాలి. ఎనభై కిలోలవాడైతే దాదాపు 130 గ్రాములు. సంగటి, ఊరిబిండితో అది రాదు.

నోటుబుక్కు అక్క | సెప్టెంబరు 16, మధ్యాహ్నం 1:30

82 కిలోలు. నెల క్రితం 85 ఉండేవాడు. గుడ్లు రోజుకు రెండు, చికెన్ ఆదివారం. ఉదయం గ్రౌండు నుంచి వచ్చి ఉగ్గాని తిని కాలేజీకి పరుగెత్తుతాడు. లెక్క వేస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.

ఇనుప కడ్డీ | సెప్టెంబరు 16, మధ్యాహ్నం 2:10

సిగ్గు దేనికక్కా. ఉగ్గానితో మిరపకాయ బజ్జీ బదులు రెండు గుడ్లు పెట్టండి. గుడ్డుకు ఆరు గ్రాములు. ఇంట్లో పండే వేరుశనగలో వంద గ్రాములకు పాతిక గ్రాముల ప్రోటీన్ ఉంది, గుప్పెడు ఉడకబెట్టి కాలేజీ సంచిలో వేయండి. రాత్రి పప్పు గట్టిగా, పెరుగు, సోయా ముక్కలు. డబ్బా పొడి కొనమని నేను చెప్పను. కొన్ని పొడుల్లో పేరు రాయని మందులు కలిసి ఉంటాయి, డోప్ పరీక్షలో దొరికేది పిల్లవాడు.

వేగం 99 | సెప్టెంబరు 16, సాయంత్రం 6:45

ఇంత చర్చ ఎందుకు? మా గ్రౌండులో ఒక సూది ఉంది, పది రోజుల్లో

*[నిర్వాహకుల గమనిక: ఈ సందేశంలో మిగతా భాగం తొలగించాం. నిషేధిత మందుల పేర్లు, దొరికే చోట్లు ఇక్కడ రాయకూడదు.]*

ఫిజియో కర్నూలు | సెప్టెంబరు 16, రాత్రి 7:20

తొలగించినందుకు ధన్యవాదాలు. పదిహేడేళ్లవాడి ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడకపోవచ్చు, ఆ మందులు ఎదుగుదలనే ఆపేయగలవు. ఇంకో రకం సూది కూడా ఉంది, నొప్పికి కీలులో వేసే స్టెరాయిడ్. 2022 జనవరి 1 నుంచి పోటీ సమయంలో దాన్ని సూదిగా ఎక్కడ వేయించుకున్నా నిషేధమే. మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రల గురించి కూడా చెప్పాలి. నీళ్లు తక్కువ తాగి, ఎండలో చెమటోడ్చి, రోజూ డైక్లోఫెనాక్ మింగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. పైగా నొప్పి తెలియకపోవడం వల్ల ఇంకా ఎక్కువ చేస్తాడు.

కడప బార్‌బెల్ | సెప్టెంబరు 17, రాత్రి 11:50

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. మూడు నెలల తర్వాత నిన్న జిమ్‌కు వెళ్లి స్నేహితులతో పందెం వేసి 300 స్క్వాట్లు చేశాను. తొడలు రాయిలా బిగిశాయి. ఈ రాత్రి మూత్రం పాలు లేని టీ రంగులో వచ్చింది. ఇది ఓవర్‌ట్రైనింగేనా?

ఫిజియో కర్నూలు | సెప్టెంబరు 17, రాత్రి 11:58

కాదు. కండరం పగిలి రక్తంలో కలుస్తోంది, మూత్రపిండాలకు ప్రమాదం. తెల్లవారేదాకా ఆగకండి. ఇప్పుడే అత్యవసర విభాగానికి వెళ్లి స్క్వాట్ల సంగతి, రంగు సంగతి రెండూ చెప్పండి.

కడప బార్‌బెల్ | సెప్టెంబరు 20, ఉదయం 9:15

మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. ఇంటికి వచ్చాను. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. పందెం మాత్రం నేనే గెలిచాను.

పాత పీఈటీ | సెప్టెంబరు 20, ఉదయం 9:40

నీకు చదువు చెప్పిన మాస్టారిని నేను కాకపోవడం నీ అదృష్టం నాయనా.

నోటుబుక్కు అక్క | సెప్టెంబరు 22, రాత్రి 9:05

ఈసీజీ బాగుంది, గుండె స్కానింగ్ కూడా చేశారు, ఫర్వాలేదన్నారు. హిమోగ్లోబిన్ 12.8. ఫెరిటిన్ 14, బాగా తక్కువ అన్నారు. విటమిన్ డి కూడా తక్కువే. రోజంతా ఎండలో ఉండేవాడికి అదెలా తగ్గిందో నాకు అర్థం కాలేదు, గ్రౌండుకు వెళ్లేది సూర్యుడు రాకముందూ పోయాకా అని డాక్టరమ్మ గారే గుర్తు చేశారు. ఇనుము మాత్రలు రాశారు. మూడు వారాలు గ్రౌండు మానమన్నారు.

అసలు గొడవ ఇంట్లో. నాన్న ఆదివారం వచ్చారు. "రక్తం తక్కువైతే మాత్రలు వేసుకుంటాడు, ఆట ఎందుకు మానడం? పోటీలు నెల రోజుల్లో పెట్టుకుని ఇంట్లో కూర్చుంటాడా?" అన్నారు. తమ్ముడు ఏమీ మాట్లాడలేదు. వాడు తిరగబడి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

ఏం చెప్పాలో తోచక బండలాగుడు పెదనాన్న గారి సందేశాన్ని ఫోనులో పైకి చదివాను. నాన్న మొదట నవ్వారు. నెమరు దగ్గరకు వచ్చేసరికి నవ్వు ఆగింది. చాలాసేపు బయట అరుగు మీద కూర్చున్నారు. లోపలికి వచ్చి వాడి పళ్లెం చూసి, "ఏరా, పాలపళ్లు కూడా ఊడలేదు, పెద్ద బండ ఎవరు కట్టమన్నారు నీకు?" అని అడిగారు. ఊరికి వెళ్తూ ఆ 2 కిలోల డిస్కస్‌ను సంచిలో వేసుకుని తీసుకెళ్లిపోయారు. దాన్ని అరువిచ్చినవాడికి ఇప్పుడు ఏం చెప్పాలో!

బండలాగుడు | సెప్టెంబరు 23, ఉదయం 5:30

మీ నాన్న గారికి నా నమస్కారాలు చెప్పమ్మా. జనవరిలో మా ఎమ్మిగనూరు జాతరకు రమ్మనండి.

పాత పీఈటీ | సెప్టెంబరు 23, ఉదయం 8:00

ఇప్పుడు విశ్రాంతి ఎలా తీసుకోవాలో చెబుతాను, ఎందుకంటే దాన్ని కూడా పాడుచేసుకోవచ్చు. డాక్టరమ్మ గారు చెప్పిన మూడు వారాలు డిస్కస్ ముట్టుకోకూడదు. అలాగని మంచానికి అంటుకుపోకూడదు. సాయంత్రం అరగంట నడక, కావాలంటే ఈత. ఉదయం గ్రౌండు లేదు కాబట్టి ఆరున్నర దాకా నిద్ర. చదువు కూడా ఒంటి మీద బరువేనని గుర్తుంచుకోండి, ఇంటర్ పరీక్షల కాలంలో పడిపోయిన పిల్లలను నేను చాలామందిని చూశాను.

ఉదయం కళ్లు తెరవగానే, మంచం దిగకముందే, మణికట్టు పట్టుకుని నిమిషం పాటు నాడి లెక్కపెట్టమనండి. మామూలు కన్నా ఏడెనిమిది ఎక్కువగా వరుసగా కొన్ని రోజులుంటే ఒళ్లు ఇంకా తేరుకోలేదన్నమాట. బలం ఆటల్లో నాడి ఒక్కోసారి ఏమీ చెప్పదు, కాబట్టి దాని ఒక్కదాన్నే నమ్మొద్దు. నిద్ర, ఆకలి, గ్రౌండుకు వెళ్లాలనే కోరిక, ఈ మూడింటికీ పదికి ఎన్నో వాడినే వేసుకోమనండి.

మళ్లీ మొదలుపెట్టాక ప్రతి సాధన ముగిసిన అరగంటకు "పదికి ఎంత కష్టంగా ఉంది" అని అడిగి, ఆ అంకెను నిమిషాలతో గుణించి రాయండి. 60 నిమిషాలు, కష్టం 4 అయితే 240. అమెరికాలో కార్ల్ ఫోస్టర్ అనే శాస్త్రవేత్త ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి, పెన్నూ కాగితమూ చాలు. వారం మొత్తం కూడితే జూలై, ఆగస్టుల్లో ఏం జరిగిందో మీకే కనిపించేది. మొదటి వారం 40 త్రోలు, అన్నీ 1.5తో, ఎక్కువ భాగం నిలబడి. బరువులు వారానికి రెండు రోజులు, పాత బరువులో సగం. నొప్పి, నిద్ర బాగుంటేనే తర్వాతి వారం కాస్త పెంచాలి. నాలుగో వారం మళ్లీ తగ్గించాలి.

అన్నిటికన్నా ప్రమాదమైన రోజు ఒకటుంది, బాగా విసిరిన మొదటి రోజు. ఆ రోజు వాడి చేతిలోంచి డిస్కస్ లాక్కోవడానికి పక్కన ఎవరైనా ఉండాలి.

జావెలిన్ అభిమాని (అనంతపురం) | సెప్టెంబరు 23, మధ్యాహ్నం 12:20

తమ్ముడికి ఇది చెప్పండి. నీరజ్ చోప్రా 2022లో యూజీన్ ప్రపంచ పోటీల్లో 88.13తో రజతం గెలిచి, గజ్జల్లో గాయం వల్ల బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలు వదులుకున్నాడు. అప్పుడు ఎంతమంది పెదవి విరిచారో గుర్తుందా? దాదాపు నెల రోజులు విశ్రాంతి, చికిత్స. ఆగస్టు చివర్లో లోజాన్‌లో వచ్చి 89.08 విసిరి గెలిచాడు.

ఫిజియో కర్నూలు | సెప్టెంబరు 23, మధ్యాహ్నం 3:00

మంచి ఉదాహరణే, కానీ అది గాయం, ఇది వేరు. గాయానికి రోజులు లెక్క చెప్పవచ్చు. దీనికి చెప్పలేం. నెలలో 89 మీటర్లు వస్తాయని కుర్రాడు ఆశపడితే, రాని రోజున ఇంకా కుంగిపోతాడు.

నోటుబుక్కు అక్క | అక్టోబరు 21, రాత్రి 10:15

ఆలస్యమైంది, క్షమించండి. మూడు వారాలు ముగిసి గ్రౌండుకు వెళ్లడం మొదలై తొమ్మిది రోజులైంది. పీఈటీ గారు చెప్పిన ఆ ప్రమాదమైన రోజు రానే వచ్చింది. పోయిన గురువారం వాడు నాకు చెప్పకుండా పూర్తిగా తిరిగి విసిరాడు. 46.10 వెళ్లింది. ఇక ఆగలేదు, మరో ముప్పై విసిరాడు. శుక్రవారం నుంచి మళ్లీ నిద్ర లేదు, నాడి 58 ఉండేది 67. పక్కన ఎవరైనా ఉండాలన్నారు కదా, ఆ రోజు నేను ఆఫీసులో ఉన్నాను.

హ్యామర్ అమ్మాయి | అక్టోబరు 21, రాత్రి 10:40

తిట్టొద్దు అక్కా. నేను ఇలాగే మూడుసార్లు చేశాను. ఐదు రోజులు పూర్తిగా ఆపి, మళ్లీ ఆ 40 త్రోల దగ్గర నుంచి మొదలుపెట్టమనండి. వాడిని రాష్ట్ర పోటీలకు తీసుకెళ్లండి, విసరడానికి కాదు, కొలిచే టేపు పట్టుకోవడానికి. పోటీకి దూరంగా ఇంట్లో కూర్చోబెడితే పిచ్చెక్కుతుంది.

నోటుబుక్కు అక్క | డిసెంబరు 6, రాత్రి 8:50

రాష్ట్ర పోటీల్లో పేరు వెనక్కి తీసుకున్నాం. కోచ్ ఒక వారం మాట్లాడలేదు. తర్వాత ఆయనే అడిగి నా నోటుబుక్కు తీసుకెళ్లి రెండు రోజులు ఉంచుకున్నారు. తిరిగిచ్చేటప్పుడు ఆగస్టు పేజీల మీద పెన్సిల్‌తో అడ్డగీతలు గీసి ఉన్నాయి. ఏమీ అనలేదు. మిగతా పిల్లలకు కూడా త్రోలు లెక్క రాయించడం మొదలుపెట్టారని తమ్ముడు చెప్పాడు.

తమ్ముడు పోటీలకు వచ్చి రోజంతా డిస్కస్ పడే సెక్టార్ పక్కన నిలబడ్డాడు. తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవరి ఎడమ కాలు ఎక్కడ పడిందో ఊరు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఆపమనలేదు కూడా.

ఇప్పుడు వారానికి 110 త్రోలు, బరువులు మూడు రోజులు, ఫెరిటిన్ 31. బరువు 84. నిన్న నిలబడి 39.90, తిరిగి 46.05. తేడా ఆరు మీటర్ల పైన. ఇంకా 47 రాలేదు. వాడు అడగడం లేదు, నేనూ అడగడం లేదు.

పాత పీఈటీ | డిసెంబరు 6, రాత్రి 9:20

ఊగుతోందా?

నోటుబుక్కు అక్క | డిసెంబరు 6, రాత్రి 9:24

లేదు సార్. మూడో ముద్ద కూడా అడుగుతున్నాడు. నాన్న దగ్గరున్న ఆ 2 కిలోల డిస్కస్ గురించి మాత్రం దాని సొంతదారు రోజూ ఫోను చేస్తున్నాడు. అమ్మ దాన్ని పెరుగు కుండ మీద మూతగా పెట్టుకుందట.